వినపడితే చాలదు, ఎటునుంచో తెలియాలి

పడుకున్న పిల్లిని ఓసారి గమనించండి. కళ్ళు మూసుకునే ఉంటుంది, ఒళ్ళు కదలదు, కానీ వెనకాల ఎక్కడో కవర్ గరగరమందంటే ఒక చెవి మాత్రం మెల్లగా అటు తిరుగుతుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది. అటు తిరిగిన చెవికి నచ్చితే అప్పుడు తల లేస్తుంది, లేకపోతే నిద్ర కంటిన్యూ.

అసలు ఇదెంత కష్టమైన పనో మనం పట్టించుకోం. కంటికైతే వస్తువు ఎక్కడుందో బొమ్మలోనే తెలిసిపోతుంది, చెవికి ఆ సుఖం లేదు, లోపలికొచ్చేది గాలి కదలిక మాత్రమే, దిక్కు సంగతి మెదడే లెక్కేసుకోవాలి. కుడివైపు చప్పుడైతే అది కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త లేటుగా, కాస్త తగ్గి చేరుతుంది. ఆ లేటు మన తలకి ఒక మిల్లీసెకను కూడా ఉండదు, అయినా 10 మైక్రోసెకన్ల తేడాని కూడా మన మెదడు పట్టేయగలదు.

ఇది కుడి ఎడమల సంగతి. మరి పైనా కిందా? ఇక్కడ బార్న్ ఔల్ గుడ్లగూబని మెచ్చుకోవాల్సిందే. దాని రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు, ఎడమది కాస్త పైన ఉండి కిందవైపు చప్పుళ్ళు బాగా పడుతుంది, కుడిది కాస్త కింద ఉండి పైవైపువి. ఏ చెవిలో గట్టిగా వినపడిందో దాన్నిబట్టి ఎత్తు తెలిసిపోతుంది. రోజర్ పేన్ అనే ఆయన (తర్వాత తిమింగలాల పాటలతో ఫేమస్ అయ్యింది ఈయనే) దీన్ని చిమ్మచీకటి గదిలో పెట్టి, నేలంతా ఆకులు పరిచి ఎలుకని వదిలితే సూటిగా వచ్చి పట్టేసింది. వాసన చూసి పట్టిందేమో అని డౌటొచ్చి, ఎలుక సైజు కాగితపు ఉండకి దారం కట్టి ఆకుల మీద లాగితే దాని మీదకీ దూకింది!

గుడ్లగూబకి తలన్నా ఉంది, ఈగకేముంది? ఆర్మియా అని ఒక ఈగ ఉంది, రాత్రిపూట కీచురాయి అరుపు విని, అదెక్కడుందో వెతికి, దాని మీద తన పిల్లల్ని వదులుతుంది, అవి లోపలికి దూరి దాన్ని తినేస్తాయి, ఘోరం. కానీ ఆ ఈగ చెవుల మధ్య దూరం అర మిల్లీమీటరే, అంటే రెంటికీ మధ్య తేడా మహా అయితే 1.5 మైక్రోసెకన్లు, ఏ నరానికీ అందని లెక్క. అందుకని దాని రెండు కర్ణభేరులూ ఒకదానికొకటి అతుక్కుని తూగుడుబల్లలా ఊగుతాయి, ఇటు నొక్కితే అటు లేస్తుంది, దాంతో ఆ కాస్త తేడా ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. 2 డిగ్రీల తేడాని కూడా కనిపెడుతుంది, అంటే దాదాపు మనతో సమానం! చిన్న సైజు మైక్‌లు తయారు చేసేవాళ్ళు దీని వెనకాల పడ్డారంటే పడరా మరి.

వేటాడేవాళ్ళ చెవులు ఇంత పదునైతే మిగతావి ఊరుకుంటాయా. డేగ కనపడగానే చాలా చిన్న పిట్టలు సన్నగా, సాగదీసి "సీ..." అంటాయి, మొదలూ చివరా తెలియకుండా. అలాంటి శబ్దం ఎటునుంచి వచ్చిందో చెప్పడం కష్టం, తోటి పిట్టలు దాక్కుంటాయి, అరిచింది ఎక్కడుందో డేగకి దొరకదు. అదే పగలు కొమ్మ మీద గుడ్లగూబ కూర్చుని కనపడితే మాత్రం టకటకా, కరుగ్గా అరుస్తాయి, అందరూ అక్కడికే రావాలి కదా తరమడానికి.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం చిమ్మట (ఇంగ్లీషులో మాత్, రాత్రిళ్ళు దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు). కొన్ని రకాలకి ఒక్కో చెవిలో శబ్దం వినే కణాలు రెండంటే రెండే. గబ్బిలం మన చెవికందని అల్ట్రాసౌండ్ అరుపులు అరుస్తూ, వాటి ప్రతిధ్వనిని బట్టే వేటాడుతుంది కదా, ఆ అరుపు దూరంగా వినపడితే చిమ్మట అది ఎటువైపుందో చూసుకుని వ్యతిరేక దిశలో ఎగిరిపోతుంది. బాగా దగ్గరికొచ్చేసిందనుకోండి, ఇక దిక్కూ గిక్కూ ఏం చూసుకోదు, మెలికలు తిరుగుతూనో, రెక్కలు ముడుచుకునో దబ్బున నేల మీదకి పడిపోతుంది, ఎటు పోతుందో దానికే తెలియకపోతే గబ్బిలానికేం తెలుస్తుంది! టైగర్ మాత్‌లలో ఒక రకమైతే పడటం కూడా కాదు, గబ్బిలం మీదకొచ్చే టైముకి తనే గబగబా అల్ట్రాసౌండ్ క్లిక్కులు కొట్టి దాని లెక్క మొత్తం చెడగొట్టేస్తుంది.