ఒక్క మాట దగ్గర జారి, ఆ మాట పట్టుకునే గట్టెక్కాను

పోయిన వారం బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగాల తుది ఫలితాలు వచ్చాయి. నా పేరు పక్కన ప్రొవిజనల్ అలాట్‌మెంట్ (ఉద్యోగానికి తాత్కాలిక కేటాయింపు) కనబడిన దగ్గర నుంచి ఫోన్ చేసిన వాళ్లందరూ అడుగుతున్నవి అవే ప్రశ్నలు: రోజుకు ఎన్ని గంటలు చదివావు, ఏ పుస్తకాలు చదివావు, ఎన్ని మాక్ టెస్టులు రాశావు. సిలబస్సూ పరీక్షా విధానమూ మీకు కంఠస్థమే కాబట్టి వాటి జోలికి పోను. క్వాంట్, రీజనింగ్‌ల విషయంలో నా దగ్గర రహస్యమేమీ లేదు; అందరూ చేసే లెక్కలే నేనూ చేశాను, అందరూ తప్పే పజిల్స్ దగ్గరే నేనూ తప్పాను. నన్ను రెండోసారి మెయిన్స్‌లో (రెండో దశ రాతపరీక్షలో) ఆపేసినదీ, మూడోసారి దాటించినదీ ఇంగ్లీషు సెక్షన్. అందులోనూ నాకు బాగా గుర్తుండిపోయింది ఒకే ఒక్క మాట. ఆ మాట బ్యాంక్. బ్యాంకు ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి చదివిన మనిషి బ్యాంక్ అనే మాటకు అర్థం తెలియక తప్పిందంటే నవ్వొస్తుంది. నాకూ ఇప్పుడు వస్తోంది. అప్పుడు మాత్రం రాలేదు.

పీవో మెయిన్స్‌లో వర్డ్ యూసేజ్ ప్రశ్నలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ముదురు అక్షరాల్లో ఒక పదం ఇచ్చి, కింద నాలుగు వాక్యాలు పెట్టి, ఏయే వాక్యాల్లో ఆ పదం సరిగ్గా వాడారో చెప్పమంటారు. ఆ రోజు నాకు వచ్చిన ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా గుర్తులేదు గానీ, వాక్యాల సారాంశం ఇది. మొదటి దానిలో పైలట్ విమానాన్ని ఎడమ వైపుకు బ్యాంక్ చేశాడు. రెండో దానిలో ఒక ముసలావిడ పడుకోబోయే ముందు పొయ్యిలో నిప్పును బ్యాంక్ చేసింది. మూడో దానిలో అతని సాయం మీద బ్యాంక్ చేయవద్దని ఎవరో హెచ్చరించారు. నాలుగో దానిలో ప్రశ్న వినగానే కుర్రాడి బుర్ర బ్యాంక్ అయిపోయింది. అంటే బ్లాంక్ ఉండవలసిన చోట ఒక అక్షరం ఎగరగొట్టి మన కోసం పెట్టిన ఉచ్చు అది. ఆ ఉచ్చును నేను పట్టేశాను. పట్టేశానన్న సంబరంలో మొదటి రెండింటినీ కూడా ఉచ్చులే అనుకుని, మూడోది ఒక్కటే సరైనదని గుర్తు పెట్టాను. నిజానికి మొదటి మూడూ సరైనవే. ఇంగ్లీషు సెక్షనల్ కటాఫ్ (ఆ ఒక్క విభాగంలో తప్పక రావలసిన కనీస మార్కులు) ఆ ఏడాది నాకు ఒక్క ప్రశ్నకు వచ్చే మార్కుల కంటే తక్కువ తేడాతో తప్పిపోయింది. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో కోసేసే పావు వంతు కూడా కలుపుకుంటే లెక్క ఇంకా చేదుగా ఉంటుంది. మొత్తం మార్కులు చాలినా ఒక్క సెక్షన్ కటాఫ్ అందక ఆగిపోవడం ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది.

అప్పటికి నా పదాల చదువు కోచింగ్ సెంటర్ ఇచ్చిన జాబితాల మీదే నడిచేది. రోజుకు 50 పదాలు, ఒక్కొక్క పదానికి ఒక అర్థం, ఒక పర్యాయపదం, ఒక వ్యతిరేకపదం. నంద్యాలలో హాస్టల్ మేడ మీద తిరుగుతూ వాటిని ఎక్కాల్లా అప్పజెప్పుకునేదాన్ని. ఆ జాబితాల్లో ఎక్కడా బ్యాంక్ లేదు, ఎందుకంటే అది అందరికీ తెలిసిన మాట. ఎవరూ వాడని ఏడెనిమిది అక్షరాల మాటలన్నీ నాకు వచ్చు; నాలుగక్షరాల మాట రాలేదు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఇంటర్‌లో ఎంపీసీ చదివాను, భౌతికశాస్త్రంలో బ్యాంకింగ్ ఆఫ్ రోడ్స్ అనే పాఠం ఉంది, మలుపులో రోడ్డు బయటి అంచును ఎందుకు ఎత్తుగా వేస్తారో బొమ్మ గీసి, టాన్ థీటా ఈక్వల్స్ వీ స్క్వేర్ బై ఆర్జీ అని సూత్రం రాబట్టి, పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. దాన్ని బ్యాంకింగ్ అని ఎందుకు అంటారని ఒక్క రోజు కూడా అడగలేదు. అడిగి ఉంటే విమానం వాక్యం ఆ క్షణంలోనే అర్థమయ్యేది, ఎందుకంటే మలుపు తిరిగేటప్పుడు విమానం ఒక రెక్క దించి ఒరగడమూ, మలుపులో రోడ్డు ఒరగడమూ ఒక్కటే.

ఫలితం వచ్చాక పది రోజులు కోనసీమలో అమ్మమ్మ ఇంట్లో ఉన్నాను. చదవడానికి కాదు, మొహం దాచుకోవడానికి వెళ్లాను. గోదావరి ఏటిగట్టు ఆ ఇంటికి కూతవేటు దూరం. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగిన సంగతి ఆ ఊరి పెద్దవాళ్లు నిన్న జరిగినట్టు చెబుతారు. గట్టు వాళ్లకు మట్టికట్ట మాత్రమే కాదు. గ్యాస్ పొయ్యి ఉన్నా అమ్మమ్మ పెరట్లో దాలి మానలేదు. పిడకల నిప్పు మీద కుండలో పాలు పొద్దుటి నుంచి సన్నగా కాగి, సాయంత్రానికి ఎర్రటి మీగడ కడతాయి. రాత్రి పడుకోబోయే ముందు ఆవిడ పాత అట్లకాడతో కణికలన్నిటినీ ఒక మూలకు చేర్చి, వాటి పైకి బూడిద ఎగదోసి, అట్లకాడ వెనక వైపుతో రెండుసార్లు మెల్లగా తట్టి, "కప్పెట్టానే, పొద్దున్నకి ఉంటుంది" అనేది. తెల్లవారుజామున బూడిద తీసి ఊదుగొట్టంతో ఊదితే నిప్పు నిజంగానే ఉండేది. రెండో రాత్రో మూడో రాత్రో అది చూస్తూ చూస్తూ నాకు పరీక్షలోని ముసలావిడ గుర్తుకొచ్చింది. లోపలికి వెళ్లి ఫోన్‌లో పెద్ద నిఘంటువు తెరిచాను. నిప్పు ఆరిపోకుండా, నెమ్మదిగా కాలేలా పైన బూడిదో బొగ్గుపొడో కుప్పగా కప్పడాన్ని ఇంగ్లీషులో బ్యాంక్ చేయడం అంటారు. నివురుగప్పిన నిప్పు అని పత్రికల్లో వెయ్యిసార్లు చదివిన నాకు, ఆ నివురు కప్పడానికి ఇంగ్లీషు మాట బ్యాంక్ అని పరీక్ష తప్పాక తెలిసింది.

నిఘంటువులో ఆ రాత్రి నేను చూసిన రెండో వింత, బ్యాంక్ ఒక ఎంట్రీ కాదు, మూడు. ఏటి ఒడ్డు ఒకటి, డబ్బు సంస్థ ఒకటి, వరుస అనే అర్థం ఒకటి. మూడింటికీ దారులు వేరు. ఏటి ఒడ్డు అనే అర్థమున్న మాట 1200 ప్రాంతంలో ఉత్తరాది స్కాండినేవియా భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దాని అసలు భావం మట్టిదిబ్బ, ఇసుకమేట. అందుకే మేఘాల దొంతరనూ, దట్టంగా పేరుకున్న పొగమంచునూ కూడా బ్యాంక్ అంటారు, నిప్పు మీద బూడిద కుప్పనూ అంటారు, ఏటవాలుగా ఒరిగిన రోడ్డునూ రెక్కనూ అంటారు. డబ్బు బ్యాంకు దారి వేరు. మధ్యయుగాల ఇటలీలో డబ్బు మార్పిడి చేసే వర్తకులు అంగడి వీధిలో బల్ల వేసుకుని కూర్చునేవారు. ఆ బల్లకు ఇటాలియన్ మాట బాంకా. అది ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దం చివరికి ఇంగ్లీషుకు చేరింది. మూడోది పాత ఫ్రెంచిలో బెంచీకి ఉన్న మాట. ఓడలో తెడ్లు వేసేవాళ్లు కూర్చునే బెంచీ నుంచి తెడ్ల వరుసకూ, అక్కడి నుంచి స్విచ్చుల వరుసకూ, లిఫ్టుల వరుసకూ పాకింది.

మూడు దారులూ వెనక్కి వెళితే ఒకే పాత జర్మానిక్ మాట దగ్గర కలుస్తాయని భాషావేత్తలు చెబుతారు. ఇంగ్లీషు బెంచ్ కూడా ఆ కుటుంబంలోదే. మట్టిదిబ్బకూ కూర్చునే బల్లకూ ఒకే మాట ఎలా ఉంటుందని మొదట నాకు అనుమానం వచ్చింది. అనుమానం తీరడానికి నేను కూర్చున్న చోటు చాలింది: అమ్మమ్మ ఇంటి అరుగు. ఎత్తుగా పోసి చదును చేసిన మట్టి అది, మనుషులు కూర్చునే బల్ల కూడా అదే. పూర్వం అప్పులిచ్చే షావుకారు గల్లాపెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నది కూడా అలాంటి అరుగు మీదే. దిబ్బ, బల్ల, డబ్బు మూడూ అరుగు మీద కలిసిపోయాయి. గ్రీకులయితే మరీ సూటిగా ఉన్నారు. ఈనాటికీ వాళ్ల భాషలో బ్యాంకును త్రపేజా అంటారు, ఆ మాటకు అసలు అర్థం బల్ల. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న బ్యాంకుల్లో అన్నిటికంటే పాతదిగా చెప్పే సియెనా నగరపు మోంటే దేయ్ పాస్కీ 1472లో మొదలైందని జనరల్ అవేర్‌నెస్‌లో బట్టీ పట్టి ఉంటారు. ఇటాలియన్‌లో మోంటే అంటే కొండ, కుప్ప, అక్కడి నుంచి పోగుపడిన నిధి. అక్కడ కూడా డబ్బుకు గుట్టే పోలిక.

ఇక మన గట్టు సంగతి చూడండి. పొలం గట్టు, నూతి గట్టు, ఏటిగట్టు. తెలంగాణలో చాలాచోట్ల గట్టు అంటే ఏకంగా కొండ. పరీక్ష పాసైతే గట్టెక్కాం అంటాం, అంటే మునగకుండా ఏటి ఒడ్డుకు ఎక్కాం అని. ఇంగ్లీషువాడు బ్యాంక్ అనే ఒక్క మాటతో ఎన్ని పనులు చేయించుకున్నాడో, మనం గట్టుతో దాదాపు అన్ని పనులూ చేయించుకున్నాం. మన భాషలో దీన్ని ఎవరూ మనకు జాబితా వేసి నేర్పలేదు. నూతి గట్టు మీద కూర్చుని ఏటిగట్టు గురించి మాట్లాడితే ఎవరూ తికమకపడరు. ఇంగ్లీషు మాటను కూడా అలా ఒక బొమ్మగా పట్టుకోవాలని, అర్థాల పట్టికగా కాదని, నాకు అప్పుడు తట్టింది. నా ప్రిపరేషన్‌లో మలుపు అంటూ ఏదైనా ఉంటే అది ఇదే.

అదే రాత్రి బ్యాంక్‌రప్ట్ కూడా చూశాను. ఇటాలియన్‌లో బాంకా రొత్తా, విరిగిన బల్ల. అప్పులు తీర్చలేని వర్తకుడి బల్లను అంగట్లోనే విరగ్గొట్టేవారని క్లాసుల్లో చెప్పే కథ వినడానికి బాగుంటుంది గానీ, విరగడం అనే మాటను దివాలా తీయడానికి పోలికగానే వాడి ఉండవచ్చు. కథను కథగా ఉంచుకోండి. మనకు పనికొచ్చేది చివరి ముక్క. 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకు వచ్చాక, విరిగిన అనే అర్థమున్న లాటిన్ మాట రుప్తుస్‌ను అనుసరించి దానిలో ప అక్షరం చేరింది. ఆ ఒక్క ముక్క తెలిస్తే రప్చర్, ఇరప్ట్, అబ్రప్ట్, ఇంటరప్ట్, కరప్ట్ అన్నీ ఒకే తీగకు కాసిన కాయలని తెలుస్తుంది. విందు అనే అర్థమున్న బ్యాంక్వెట్ చిన్న బెంచీ. ఒకరి మీద బ్యాంక్ చేయడం, అంటే నమ్ముకోవడం, 19వ శతాబ్దం చివర అమెరికా ఇంగ్లీషులో పుట్టింది. బ్యాంకులో వేసిన డబ్బు మీద ఉన్నంత ధీమా. బ్లడ్ బ్యాంక్ అనే పేరు 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ పెట్టాడు. ఇచ్చి దాచడం, అవసరానికి తీసుకోవడం, అంతా డిపాజిట్ పద్ధతే.

ఆ తర్వాత ఏడు నెలల్లో నేను చేసిందల్లా ఇదే పని, వేరే మాటలతో. జాబితాలు మూసేశాను. వారానికి ఐదు మాటలు, అన్నీ చిన్నవి, అందరికీ తెలుసనుకునేవి: చెక్, బిల్, చార్జ్, డ్రాఫ్ట్, టెండర్, స్టాక్, నోట్. టెండర్ విషయంలో జాగ్రత్త. మెత్తన అనే టెండర్, ముందుకు చాచి సమర్పించే టెండర్ వేర్వేరు లాటిన్ మాటలు, పైకి కవలల్లా ఉంటాయి. చెక్ చదరంగంలో రాజు నుంచి వచ్చింది, పర్షియన్ షా. ప్రతి మాటకూ నోట్‌బుక్‌లో ఒక పేజీ, మధ్యలో బొమ్మ, చుట్టూ వాక్యాలు. ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు ఉండేది 20 నిమిషాల్లో 30 ప్రశ్నలు కాబట్టి అక్కడ దీని వల్ల పెద్ద లాభం ఉండదని ముందే చెబుతున్నాను. మెయిన్స్‌లో మాత్రం తెలియని వాడుక ఎదురైనా బొమ్మను బట్టి ఊహించగలిగాను, ఊహించలేని చోట వదిలేయగలిగాను. రెండోది మొదటిదానికంటే ఎక్కువ మార్కులు కాపాడింది.

ఒక్క మాటకు ఒక పేజీ రాసుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎప్పటికి అవుతుందని హాస్టల్ స్నేహితులు నవ్వారు. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వదులుకుని ఇంట్లో కూర్చుందని చుట్టాలు అన్నారు. వాళ్లకు అప్పుడు జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను: నేను కూర్చోలేదు. తెల్లవారి నాలుగున్నరకు లేచి, ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం అమ్మకిచ్చి, పండగ పూట కూడా ఒక మాక్ రాసి, తప్పుల పుస్తకం నింపి పడుకున్నాను. 3,000 పదాలు చదివి మరిచిపోయిన వాళ్లను చాలామందిని చూశాను, అందులో మొదటిదాన్ని నేనే. 140 మాటలు చదివి ఒక్కటీ మరవకుండా ఉండడానికి అంతకంటే ఎక్కువ క్రమశిక్షణ కావాలి. ఉదయం బద్ధకించి రాత్రి మోటివేషన్ వీడియోలు చూసే పద్ధతి మీలో ఎవరికైనా ఉంటే, ముందు అది మానండి. నాకూ ఉండేది, అందుకే ఇంత కచ్చితంగా చెబుతున్నాను.

ఇంటర్వ్యూకు బ్యాంక్ అనే మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ ఇంగ్లీషులో రెండు నిమిషాల్లో చెప్పేలా తయారై వెళ్లాను. ఎవరూ అడగలేదు. మాది కోనసీమ అని తెలిసి కొబ్బరి రైతుకు ఏ రుణం ఇస్తావు, తిరిగి ఎలా రాబడతావు అని పావుగంట అదే అడిగారు.

నోట్‌బుక్‌ను మొన్న మా పిన్ని కొడుకు తీసుకెళ్లాడు. వాడు ఈ ఏడాది మొదటిసారి రాస్తున్నాడు. మొదటి పేజీలో అరుగు బొమ్మ, దాని మీద గల్లాపెట్టె, పక్కన ఏరు, మూలన దాలి, పైన ఒరిగిన విమానం. చాలాసేపు చూసి, "ఇదంతా ఎన్ని మార్కులకు వస్తుందక్కా?" అని అడిగాడు.

ఒక మార్కుకు అని చెప్పాను.