గునపం పట్టకముందు: పర్లాకిమిడి పాత ఇంటి లెక్కలు

మే, రెండో ఆదివారం

మా పాత ఇల్లు బాగుచేయించాలని పొద్దున్నే బరంపురంలో బస్సెక్కి వచ్చి తాళం తీశాను. ఈ రోజు ఒక్క మేకు కూడా పీకకూడదని ముందే అనుకున్నాను. కాగితాలు, కొలతలు, ఫొటోలు, అంతే.

తాతగారి దస్తావేజు 1934 నాటిది, తెలుగులో ఉంది. అప్పటికి ఈ ఊరు మద్రాసు రాజధానిలోదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. ఇప్పటి పట్టా ఒడియాలో ఉంది. ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ప్లాట్ నంబరు కొట్టి తీశాను. కిసమ్ (భూమి రకం) దగ్గర ‘ఘరబారి’ అని ఉంది, అంటే ఇంటి స్థలమే. విస్తీర్ణం 6 డెసిమళ్లు. డెసిమల్‌కి 435.6 చదరపు అడుగుల లెక్కన 2,613.6 రావాలి. టేపు పెట్టి కొలిస్తే 2,560 వచ్చింది. పెరటి గోడ వంకరగా ఉంది, తేడా అక్కడే ఉండొచ్చు. పట్టా మాత్రం ఇంకా నాన్న, పెదనాన్నల పేర్ల మీదే ఉంది. పెదనాన్నకు ఫోన్ చేస్తే, “ముందు పేర్ల సంగతి చూడు నాయనా, పెంకుల సంగతి తరవాత” అన్నారు. నిజమే. నాలుగు రూపాయలు ఖర్చయ్యాక మాటామాటా వచ్చేకంటే ఇప్పుడే కూర్చుని తేల్చుకోవడం నయం.

జూన్ మొదటి వారం

ఒక కాంట్రాక్టరు వచ్చి పది నిమిషాలు చూసి, పడగొట్టి స్లాబు వేసేద్దాం అన్నాడు. నాకు మనసొప్పలేదు. అడుగున్నర మందం గోడలు, ఎండాకాలం మధ్యాహ్నం కూడా నట్టిల్లు చల్లగా ఉంటుంది. దూలాలు సాల్ కలపవి. స్క్రూడ్రైవర్‌తో ప్రతి వాసాన్నీ రెండు కొసల దగ్గరా పొడిచి చూశాను. 22 వాసాల్లో 5 చోట్ల మొన బెత్తెడు లోపలికి దిగిపోయింది. ఆ అయిదూ ఉత్తరం వైపువే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు అటువైపు పెంకులు ఎగిరిపోతే తాత్కాలికంగా రేకు వేయించాం. ఆ రేకు చూరు దాకా రాదు, ఆరంగుళాలు తక్కువ. ఇన్నేళ్లూ నీళ్లు వాసాల కొసల మీదే కారాయి. చెదలనుకుని మందు కొట్టించబోయాను గానీ, ఆ కలప నానిపోయి పుచ్చింది.

కరెంటు గురించి పెద్దగా ఆలోచించాల్సింది లేదు. గోడ మీద చెక్క పట్టీలకు వైరు బిగించిన పాత బ్యాటన్ వైరింగ్, ఎర్త్ లేదు, మొత్తం మార్చాల్సిందే. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి. గోడల పూత పని మొదలుకాకముందే ఇది అయిపోవాలి.

రథయాత్ర వారం

ముసురు పట్టింది. నేను ఎదురుచూసింది దీనికోసమే. సెలవు పెట్టి రెండు రోజులు ఇంట్లోనే ఉన్నాను. ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ సుద్దముక్కతో గీత గీసి, పక్కన తేదీ, టైము రాశాను.

నట్టింటి గోడకు కింద నాలుగడుగుల మేర నాన్న హయాంలో సిమెంటు పూత వేయించారు. చెమ్మ సరిగ్గా ఆ సిమెంటు అంచు దాటాక, పైనున్న సున్నం గార మీద తేలింది. తెల్లగా ఉప్పు పొంగింది, వేలితో రాస్తే పొడిగా రాలుతోంది. సిమెంటు భాగాన్ని తట్టితే బోలు శబ్దం. రెండడుగుల ప్లాస్టిక్ షీటు గోడకు అంటించి చూద్దామనుకున్నా, టేపు నిలవలేదు. నాలుగు వైపులా చెక్క రీపర్లు కొట్టి బిగించాను. రెండో రోజుకు షీటు లోపలివైపు, అంటే గోడవైపు, నీటి బొట్లు పట్టాయి. గదివైపు పొడిగా ఉంది. తడి గోడలోంచే వస్తోందన్నమాట.

వీధిలో ఉండే మేస్త్రి తాతను పిలిచాను. ఆయన అరచేయి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. “సిమెంటు కప్పీసినారు కదా బాబూ, తడికి ఇంకెటూ దారి లేక పైకెక్కింది. అది తీసీసి సున్నం పూత పెట్టండి. దానికంటే ముందు బయట నీళ్ల సంగతి చూడండి” అన్నాడు.

గుమ్మం పైన పగులు కూడా ఉంది, 3 మిల్లీమీటర్లు. రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత, తేదీ పెట్టాను. గీత దాటి సాగుతోందా లేదా అన్నది దసరాకి తెలుస్తుంది. అప్పటిదాకా ఆ గోడ జోలికి వెళ్లను.

మర్నాడు

ఆయన మాట పట్టుకుని నీళ్ల పైపుతో లెవెల్ చూశాను. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ వీధి మా అరుగుకు 10 అంగుళాల దగ్గరికి వచ్చేసింది. అమ్మకు ఫోన్ చేసి అడిగితే, తను కాపురానికి వచ్చినప్పుడు అరుగెక్కడానికి మూడు మెట్లుండేవంది. ఇప్పుడు పైకి కనిపించేది ఒక్కటి. రెండోది సగం భూమిలో ఉంది. మెట్టు 7 అంగుళాలు వేసుకున్నా అప్పటి ఎత్తు 21, అంటే 11 అంగుళాల గోడ ఇప్పుడు మట్టిలో ఉంది. వాన నీరంతా దాని మొదట్లోనే నిలుస్తోంది.

అందుకే వరస మార్చాను. గోడ వెంట కాలువ మొదట, ఉత్తరం వైపు పైకప్పు తరవాత, ఆపైన వైరింగు, పూత. రంగుల మాట వచ్చే ఏడాది. అనుకున్న 8 లక్షల్లో లక్షా అరవై వేలు విడిగా వేరే ఖాతాలో వేశాను. తవ్వాక ఏం బయటపడినా దానికే.

సాయంత్రం వాన తెరిపిచ్చింది. ఆగలేక మెట్టు పక్కన గునపంతో జానెడు తవ్వాను. రెండో మెట్టు అంచు పూర్తిగా కనిపించింది. సున్నం గచ్చు నున్నగా, ఎక్కడా పెచ్చు లేవలేదు. ఫొటో తీసి అమ్మకు పంపాను. “ఆ పక్కనే ముగ్గు గిన్నె పెట్టుకునేదాన్ని, ఒక గూడు ఉండాలి చూడరా” అంది. చీకటి పడింది. వచ్చే ఆదివారం మేస్త్రి తాత వచ్చాక మూడో మెట్టు దాకా తవ్వి, ఆ గూడు ఎక్కడుందో చూడాలి.