బరువు తగ్గినా పొట్ట కదలట్లేదా? టేపూ, నూనె సీసా తీయండి

80 కిలోల నుంచి 72కు వచ్చారు. ముఖం తగ్గింది, చేతులు సన్నబడ్డాయి, ఉంగరం వదులైంది. బొడ్డు కింద మడత మాత్రం అలాగే ఉంది. సరిగ్గా ఇక్కడే చాలామంది విసిగిపోయి వదిలేస్తారు, లేదా రోజుకు వంద క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే పొట్ట వ్యాయామం) మొదలుపెడతారు. రెండూ వద్దు.

పొట్టలో కొవ్వు రెండు రకాలు. పేగుల చుట్టూ, కాలేయం దగ్గర లోపల పేరుకునేది ఒకటి. చర్మం కింద వేళ్లకు దొరికేది ఇంకొకటి. షుగరు, గుండె జబ్బులకు ఎక్కువగా దారితీసేది లోపలిదే. మంచి సంగతేమిటంటే ముందు కరిగేదీ అదే. వేళ్లకు దొరికేదే మొండిది. ఆ కణాల్లో కొవ్వు విడుదలకు అడ్డుపడే ఆల్ఫా-2 గ్రాహకాలు ఎక్కువ, అక్కడికి రక్తప్రసరణ తక్కువ. అందుకే పొత్తికడుపు చివర్న తగ్గుతుంది, ఆడవాళ్లలో అయితే తొడలు, పిరుదులు కూడా. క్రంచెస్‌తో పొట్ట కండరం గట్టిపడుతుంది, నిజమే. కానీ ఆ కండరం వాడుకునే కొవ్వు ఒళ్లంతటి నుంచీ రక్తంలోకి వస్తుంది, దాని మీదున్న మడత నుంచే తీసుకోదు.

ముందు కొలత సరిచూసుకోండి. ప్యాంటు సైజు నడుము కొలత కాదు, ప్యాంటు పొట్ట కిందికి జారి నిలబడుతుంది. పొద్దున్నే పరగడుపున, నిటారుగా నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. మామూలుగా గాలి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా అంకె చూడండి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. వారానికి ఒక్కసారి కొలిస్తే చాలు. రాత్రి ఆవకాయ గట్టిగా తిన్న మర్నాడు, నెలసరికి ముందు రోజుల్లో ఒంట్లో నీరు నిలిచి అంకె పెరుగుతుంది, దానికి బెంగపడకండి. నాలుగు వారాల కొలతలు పక్కపక్కన పెట్టుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఆ నాలుగు వారాల్లోనూ మార్పు లేదంటే కారణం దాదాపు ఎప్పుడూ పళ్లెంలోనే ఉంటుంది. ఒళ్లు తగ్గాక దాని ఖర్చూ తగ్గుతుంది. 80 కిలోలప్పుడు తక్కువైన తిండి, 72 దగ్గర సరిగ్గా సరిపోతుంది. పైగా మొదటి నెలలో ఉన్న జాగ్రత్త మూడో నెలకు సడలుతుంది. ఎక్కువగా సడలేది నూనె దగ్గర.

మూకుడు వేడెక్కగానే సీసా వంచుతాం, ఆవాలు మునిగేదాకా పోస్తాం. చూపుకు అది రెండు చెంచాలే. తూస్తే 40 గ్రాములు కూడా ఉండొచ్చు, అంటే 360 కేలరీలు. వంటకు ముందు సీసాను కాటా మీద పెట్టి బరువు రాసుకోండి, వంటయ్యాక మళ్లీ పెట్టండి. తేడాయే మీరు పోసిన నూనె. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల ఆహారానికి చెప్పిన నూనె, కొవ్వులు రోజుకు 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి అది నెలకు దాదాపు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఐదు ప్యాకెట్లు అయిపోతుంటే కోత అక్కడ పెట్టండి, అన్నం దగ్గర తర్వాత చూడొచ్చు. నెయ్యి కూడా ఆ లెక్కలోదే. బరువు తగ్గేవాళ్లు మనిషికి 20 గ్రాముల దగ్గర ఆగితే మంచిది. దొండకాయ, బెండకాయ వేపుడు మానక్కర్లేదు. ముక్కల్ని మూతపెట్టి మగ్గనిచ్చి, చివర్లో మూత తీసి ఒక్క చెంచా నూనెతో వేయిస్తే రుచి పోదు.

అన్నాన్ని బియ్యంగా లెక్కేయండి. 60 గ్రాముల బియ్యం అంటే సుమారు 210 కేలరీలు. మెత్తగా వండితే నీరెక్కువ, పొడిగా వండితే తక్కువ కాబట్టి అన్నం బరువుతో లెక్క తప్పుతుంది. అందరికీ కలిపి వండితే పోసిన బియ్యమెంతో, అయిన అన్నమెంతో చూసి అందులో మీ వాటా పెట్టుకోండి. ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడకుండా అన్నం తగ్గించొద్దు.

మొత్తం మీద రోజుకు 300 నుంచి 500 కేలరీలు తగ్గితే చాలు. కిలో కొవ్వులో దాదాపు 7700 కేలరీలుంటాయి, కాబట్టి వారానికి పావు కిలో నుంచి అర కిలో తగ్గుతారు. ఇంకా కోస్తే కండ కూడా పోతుంది. బరువు తగ్గి, పొట్ట మాత్రం మిగిలినవాళ్లలో కొందరికి జరిగింది ఇదే కావచ్చు. కండ నిలవాలంటే కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి. 70 కిలోల మనిషికి కనీసం 84 గ్రాములు. పలచటి పప్పు గరిటెడు పోసుకుంటే అది రాదు. పచ్చి కందిపప్పు 60 గ్రాములతో 13, రెండు గుడ్లతో 12, పచ్చి చికెన్ 150 గ్రాములతో 33, ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములతో 15, పెద్ద కప్పు పెరుగుతో 6 వస్తాయి. అన్నం, కూరల్లోది కలిపితే సరిపోతుంది. కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్క మీకు కాదు.

వ్యాయామం: రోజూ నడక, వారానికి రెండు మూడుసార్లు కండకు పని. కుర్చీ మీంచి లేచి కూర్చోవడం, వంటగట్టుకు చేతులానించి పుషప్‌లు, 5 లీటర్ల నీళ్ల క్యాన్‌ను వంగి నడుము దాకా లాగడం. ఒక్కోటి 12 చొప్పున మూడు విడతలు, తేలికనిపిస్తే బరువు పెంచండి. నడుముకు కట్టే చెమట బెల్టులతో పోయేది నీరే, మంచినీళ్లు తాగగానే తిరిగొస్తుంది.

కాన్పు తర్వాత పొట్ట తగ్గని తల్లులు ఒక పరీక్ష చేసుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కాస్త ఎత్తి, బొడ్డు దగ్గర నిలువుగా వేళ్లతో నొక్కండి. మధ్యలో రెండు వేళ్లకు మించి సందు తగిలినా, పొట్ట గుడారంలా పైకి ఉబికినా అది కొవ్వు ఒక్కటే కాదు, కండరాలు విడిపోయి ఉన్నాయి. క్రంచెస్ ఆపి ఫిజియోథెరపిస్టును కలవండి. ఇక ఎవరికైనా సరే, కాళ్లూ చేతులూ సన్నబడుతూ పొట్ట మాత్రం డోలులా బిగుసుకుని పెరుగుతుంటే లోపల నీరు చేరి ఉండొచ్చు. డైటింగ్ పక్కనపెట్టి ఆ వారమే డాక్టరుకు చూపించండి, అల్ట్రాసౌండ్‌లో తెలిసిపోతుంది.