నష్టం వస్తే ఎవరిది? పీపీపీ చాప్టర్ నేను చదివిన తీరు

గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న మిత్రులకు,

అశోక్‌నగర్‌లో ఏ జిరాక్స్ షాపులో అడిగినా పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం మీద నోట్సు దొరుకుతుంది. నిర్వచనం, బీఓటీ, హామ్ లాంటి ఒప్పంద రకాలు, లాభాలు ఎనిమిది, నష్టాలు ఎనిమిది, ఆఖరున ‘ముందున్న మార్గం’. ఉదాహరణ మాత్రం ఎక్కువగా ఢిల్లీ విమానాశ్రయమే. చిక్కడపల్లి స్టేషన్‌లో మెట్రో దిగి లైబ్రరీకి నడిచి వెళ్లే మనం ఢిల్లీ దాకా పోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

నేను ఈ చాప్టర్‌ను రెండు ప్రశ్నలు పెట్టుకుని చదివాను. లెక్క తప్పితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? సంతకాలు పెట్టే రోజు ఆ గదిలో లేనివాళ్లు ఎవరు? సుస్థిర నగరాభివృద్ధి అన్నా, స్టేక్‌హోల్డర్లు (ప్రాజెక్టు ప్రభావం పడే అందరూ) అన్నా, పట్టణ పాలన అన్నా ఈ రెండింటితోనే సమాధానం మొదలుపెట్టొచ్చు.

మెట్రోనే తీసుకోండి. 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రారంభమైందని, మూడు కారిడార్లు కలిపి దాదాపు 69 కిలోమీటర్లని అందరూ రాస్తారు. అసలు సరుకు 2008లో ఉంది. ఆ ఏడాది టెండరు దక్కించుకున్న మేటాస్ బృందం ప్రభుత్వం నుంచి పైసా అడగలేదు సరికదా, తామే 30,311 కోట్లు ఎదురు చెల్లిస్తామంది. అప్పట్లో ఢిల్లీ మెట్రో అధిపతిగా ఉన్న శ్రీధరన్ గారు అప్పుడే ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, ఇదంతా భూముల మీద వచ్చే లాభం కోసమేనేమోనని అనుమానం తెలిపారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, మేటాస్ కూడా సత్యం రామలింగరాజు కుటుంబానిదే. ఆ బృందం నిధులు కూడగట్టలేకపోయింది, ఒప్పందం రద్దయింది. మళ్లీ టెండరు పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ (ప్రాజెక్టు గిట్టుబాటు కావడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) అడిగి గెలిచింది. 2010 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. ఒకే నగరం, ఒకే ప్రాజెక్టు. ఒకరు ముప్పై వేల కోట్లు ఇస్తామన్నారు, ఇంకొకరు పద్నాలుగు వందల చిల్లర ఇమ్మన్నారు. అత్యాశ బిడ్ల ప్రమాదం మీద పేజీ రాసే బదులు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి చాలు.

ఇక్కడే ఆగకండి. ఈ మెట్రో ఆదాయ ప్రణాళిక టికెట్ల మీదే నిలబడలేదు. డిపోల దగ్గర, స్టేషన్ల దగ్గర ఇచ్చిన స్థలాల్లో మాల్స్, ఆఫీసులు కట్టి అద్దెలు రాబట్టాలి. అంటే రైలు నడిపేవాడు రియల్ ఎస్టేట్ రిస్కు కూడా మోయాలి. ప్రాజెక్టు ఆలస్యమైంది, ఖర్చు పెరిగింది. 2020 మార్చి నుంచి సెప్టెంబరు దాకా కోవిడ్ వల్ల రైళ్లే తిరగలేదు. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక దాని ప్రభావం మెట్రో మీదా పడిందని సంస్థ బాహాటంగానే చెప్పింది. ఉచిత బస్సు మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి దిగకండి, మార్కులు పోతాయి. ప్రభుత్వం ఒక చేత్తో భాగస్వామిగా, ఇంకో చేత్తో పోటీదారుగా ఉండటం అన్న కోణం మాత్రం రాయండి. 2025 మేలో గరిష్ఠ చార్జీ 60 నుంచి 75 రూపాయలకు పెంచారు, గోల మొదలయ్యాక పది శాతం తగ్గించారు. చివరికి అదే ఏడాది సెప్టెంబరులో, సుమారు 13,000 కోట్ల అప్పు తన మీద వేసుకుని, ఎల్ అండ్ టీ వాటా (ఈక్విటీ) కింద మరో 2,000 కోట్లు ఇచ్చి మెట్రోను తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కాగితం మీద ప్రైవేటు వాళ్లకు అప్పగించిన రిస్కు తిరిగి ఖజానా గుమ్మం ముందుకే వచ్చింది. నా దృష్టిలో మొత్తం చాప్టర్‌లో రాయదగిన విషయం ఇదే.

మరి గదిలో లేనివాళ్లు? తమ బజారు మీదుగా లైను వెళ్తే వ్యాపారం పోతుందని ఏళ్ల తరబడి గొడవపడ్డ సుల్తాన్ బజార్ దుకాణదారులు. ఒప్పందంలో ఉండి కూడా ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు లైను రాని పాతబస్తీ జనం.

విమానాశ్రయం గురించి ఒప్పందంలోని ఒక్క క్లాజు గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. శంషాబాద్‌లో మొదట జీఎంఆర్‌కు 63 శాతం, రాష్ట్రానికి 13, కేంద్రం తరఫున ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13, మలేసియా సంస్థకు 11 శాతం వాటాలుండేవి. 150 కిలోమీటర్ల పరిధిలో 25 ఏళ్లపాటు ఇంకో విమానాశ్రయం రాకూడదన్నది ఆ క్లాజు. పెట్టుబడి పెట్టేవాడికి ఆ ధీమా అవసరమే, కాదనను. కానీ దాని వల్ల వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పాల్సి వచ్చింది, 2025లో గానీ దారి తెరుచుకోలేదు. హైదరాబాద్‌లో కుదిరిన ఒప్పందానికి వరంగల్ వాళ్లు స్టేక్‌హోల్డర్లు అవుతారని ఏ జిరాక్స్ నోట్సులోనూ చూడలేదు.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు)ది వేరే రకం. 158 కిలోమీటర్ల రోడ్డు ముందే కట్టేశారు, 2023లో టోల్-ఆపరేట్-ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో, అంటే ముందే డబ్బు కట్టి గడువు దాకా టోల్ వసూలు చేసుకునేలా, 30 ఏళ్లకు 7,380 కోట్లకు ఐఆర్‌బీ అనే ప్రైవేటు రోడ్ల కంపెనీకి లీజుకిచ్చారు. కట్టే రిస్కు లేదు, భూసేకరణ తలనొప్పి లేదు, ఉన్నదల్లా ట్రాఫిక్ రిస్కు. ముప్పై ఏళ్ల ఆదాయాన్ని ఒక ప్రభుత్వం ఒకేసారి తీసుకోవడం సబబేనా అన్నది మంచి ప్రశ్న. రాజకీయ వివాదం జోలికి మాత్రం పోవద్దు.

సుస్థిరత అనగానే చెట్లు, సోలార్ పలకలు గుర్తొచ్చేవాళ్లు నగర శివార్లలోని జవహర్‌నగర్ చెత్త యార్డు గురించి చదవాలి. జీహెచ్ఎంసీ చెత్త నిర్వహణను 2009లో పీపీపీ కింద ఇచ్చింది. ఇప్పుడక్కడ చెత్త నుంచి కరెంటు తీస్తున్నారు. ఆ బాయిలర్ బాగా మండాలంటే పొడి చెత్త కావాలి, అందులో కాగితం, ప్లాస్టిక్ ఉండాలి. చెత్త ఏరుకుని బతికేవాళ్లకు కూడా కావలసింది అవే. అంటే ప్లాంటు ఎంత బాగా నడిస్తే వాళ్ల కూలి అంత తగ్గే ప్రమాదముంది. వాళ్లను గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. దమ్మాయిగూడ వైపు కాలనీల వాళ్లకు వాసన సమస్య ఎలాగూ ఉంది. పర్యావరణం, జీవనోపాధి, పౌరుల ఆరోగ్యం మూడూ ఒకేచోట తగులుకునే ఇలాంటి ఉదాహరణ ఇంకోటి వెతుక్కోనక్కర్లేదు.

చట్టాల్లో మూడు చాలు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పీపీపీకి 70 శాతం ప్రభావిత కుటుంబాల సమ్మతి కావాలి, ప్రైవేటుకైతే 80. కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపునిచ్చే తెలంగాణ సవరణ సంగతి కూడా ఒక వాక్యం రాస్తే, మీరు చట్టం పేరొక్కటే బట్టీ కొట్టలేదని దిద్దేవారికి తెలుస్తుంది. 2014 వీధి వ్యాపారుల చట్టంలో టౌన్ వెండింగ్ కమిటీ సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి. మూడోది రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ, వార్డు కమిటీలు. కమిటీల్లోకి వెళ్తే పీపీపీల మీద 2015లో వచ్చిన కేల్కర్ కమిటీ నివేదిక ఒక్కటి చదవండి. రిస్కును దాన్ని మోయగలిగినవాడికే ఇవ్వాలన్నది అందులో కీలకమైన మాట, మెట్రోకు అతికినట్టు సరిపోతుంది.

పరీక్షలో ఈ నాలుగు ప్రాజెక్టులూ కుక్కకండి. ఎకానమీ పేపరైతే మెట్రో, ఓఆర్ఆర్. పాలన అడిగితే విమానాశ్రయం క్లాజు, వార్డు కమిటీలు. జవహర్‌నగర్‌ను ఎస్సేకు దాచుకోండి. తెలుగు మీడియం వాళ్లు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్‌ను సంస్కృత సమాసంగా మార్చే శ్రమ పడొద్దు, అలాగే రాసేయండి.

ఈ వారం ఒకటి రాసి చూడండి. మూసీ పునరుజ్జీవనాన్ని పీపీపీలో చేపడితే స్టేక్‌హోల్డర్లు ఎవరు, రిస్కు ఎలా పంచాలి? పెట్టుబడిదారుల నుంచి కాకుండా ఒడ్డున ఇళ్లు ఖాళీ చేయాల్సినవాళ్ల నుంచి మొదలుపెట్టండి. ఆ నీళ్లతో వరి పండిస్తున్న నల్గొండ, సూర్యాపేట రైతులను వదిలేయకండి, వాళ్లకు జీహెచ్ఎంసీలో ఓటు లేదు.