రెండు గోడల నడుమ మెట్లకు టేకు పలకలు

విశాఖపట్నం పెదవాల్తేరులోని మా ఇంట్లో మేడ మీదికి వెళ్ళే మెట్లు రెండు గోడల నడుమ ఇరుకుగా ఉంటాయి. వాటి మీది పాత కడప రాళ్ళను తీయించి టేకు పలకలు వేయించాము. ఒక పక్క తెరిచి ఉన్న మెట్లకైతే పలక కాస్త పొడుగైనా బయటికి జరుపుకోవచ్చు. రెండు పక్కలా గోడలుంటే ఆ వెసులుబాటు ఉండదు. పైగా గోడకు చేసిన సిమెంటు పూత అంతటా ఒకే మందాన ఉండదు కనుక, ఒకే మెట్టు పొడవు ముందు అంచున ఒక లెక్కలోను, వెనక మూలన మరొక లెక్కలోను ఉంటుంది.

అందువల్ల టేపుతో ఒక మెట్టును కొలిచి, అదే కొలతకు పలకలన్నీ కోయించడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. రెండు పల్చటి ప్లైవుడ్ ముక్కలను చెరొక గోడకు ఆనించి, గోడ ఎటు వాలితే అటే వాటినీ వాల్చి, నడుమ ఒక బద్దతో బిగిస్తే ఆ మెట్టుకు అచ్చు వస్తుంది. దానిని పలక మీద ఉంచి గీత గీసి, పలక అడుగున మెట్టు సంఖ్య వేసి, బద్దను వదులు చేసి తరువాతి మెట్టుకు వెళ్ళాలి. కోసేటప్పుడు రంపాన్ని కొద్దిగా వాల్చి అడుగు వైపు కాస్త తగ్గిస్తే, పలకను దించేటప్పుడు అది గోడను గీరదు.

సముద్రపు తేమ ఉన్న ఊరిలో కర్ర కదలికను తేలికగా తీసుకోకూడదు. కర్ర నిలువు పోగు వెంట దాదాపు పెరగదు. పోగుకు అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. 275 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలకలో తేమ 4 శాతం మారితే, కోత రకాన్ని బట్టి ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. కాబట్టి పలకను ముందు అంచు దగ్గర గట్టిగా బిగించి, వెనక మూడు మిల్లీమీటర్ల సందు వదిలాము. పై మెట్టు నిలువు పలక దాని మీద కూర్చుంటుంది కనుక ఆ సందు కనబడదు. ఈ కారణంగానే పని కింది మెట్టు నుంచి పైకి సాగాలి. పలక అడుగున కూడా పాలిష్ పట్టించాలి. పైన మాత్రమే వేస్తే తేమ ఒక వైపు నుంచే ఎక్కువగా చేరి పలక వంగుతుంది.

ఇనుప స్క్రూలు ఇక్కడ ఉప్పుగాలికి తుప్పు పట్టి, టేకు మీద నల్లటి మరకలు వదులుతాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో మాలిబ్డినం ఉండడం వల్ల అది ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. ఖరీదైనా దానినే వాడాలి.

ఎత్తు విషయం మరీ ముఖ్యం. పాత రాయిని తీయకుండా దాని మీదనే 25 మిల్లీమీటర్ల పలక వేస్తే, మొదటి మెట్టు అంత మేర ఎత్తు పెరుగుతుంది, చివరి మెట్టు అంత మేర తగ్గుతుంది. నడుమ మెట్లు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. చీకట్లో అలవాటు కొద్దీ అడుగు వేసే పెద్దలు తడబడేది అక్కడే. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్ళలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదని చెబుతుంది. రాయిని పెళ్ళగించడానికి కూలి ఎక్కువైనా, దాని మందానికి సరిపడే పలకనే ఎంచుకుని, ప్రతి మెట్టునూ రసమట్టంతో సరిచూసుకున్న తరువాతే స్క్రూ బిగించాలి.