నూట రెండు ఏటి గట్టున

నేను చదువుకోడానికి వెళ్ళే మేరీవిల్ (అమెరికాలో మిస్సోరి రాష్ట్రం) గురించి మా కన్సల్టెన్సీ అతను "కాన్సస్ సిటీకి పక్కనే" అన్నాడు. ఆ పక్క అన్నది వంద మైళ్ళు. 2015 ఆగస్టులో ఎయిర్‌పోర్టు నుంచి సీనియర్ల కారులో బయల్దేరి, సెయింట్ జోసెఫ్ దాటి 71 హైవే ఎక్కాక ఇక ఊళ్ళు లేవు. రోడ్డుకి అటూ ఇటూ మొక్కజొన్న, దాని వెనక సోయా, మళ్ళీ మొక్కజొన్న. మాది దుగ్గిరాల దగ్గర పల్లె. వరి కోశాక అదే చేలో దున్నకుండా మొక్కజొన్న విత్తుతాం. ఇంత అప్పు చేసి, వీసా టెన్షన్ అంతా పడి, మళ్ళీ మొక్కజొన్న చేలోకే వచ్చానా అనిపించింది. పక్కన కూర్చున్న హైదరాబాద్ అబ్బాయి మొహం ఇంకా చూడాల్సింది. "మామా, సిటీ ఎప్పుడొస్తది?" అని అడుగుతూనే ఉన్నాడు. వచ్చేసిందని సీనియర్ చెప్పేసరికి మేం వాల్‌మార్ట్ ముందున్నాం.

నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ యూనివర్సిటీలో చదివిన మన తెలుగువాళ్ళ ఈ సంచికకి మేరీవిల్ గురించి రాసేవాళ్ళలో చాలామంది క్యాంపస్ గురించి రాస్తారు. నాకు ఊరి గురించి రాయాలనుంది. మనం ఒకటిన్నర, రెండేళ్ళు ఉండి డల్లాస్‌కో షికాగోకో వెళ్ళిపోయాం. ఆ ఊరు అక్కడే ఉంది.

ఊరు పుట్టింది 1845లో. అప్పటి కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్కు భార్య పేరు మేరీ. ఆ పేరే ఊరికి పెట్టారు. నోడవే కౌంటీకి ఇదే హెడ్ క్వార్టర్స్. మధ్యలో ఎర్ర ఇటుకల కోర్టు, దాని చుట్టూ నాలుగు వరుసల షాపులు, అంతే డౌన్‌టౌన్. 2010లో దాదాపు 12 వేల జనాభా, 2020 లెక్కల్లో పదివేల ఆరు వందల చిల్లర. అసలు కౌంటీ మొత్తానికీ 1900లో 32 వేల పైచిలుకు జనం ఉండేవాళ్ళట, ఇప్పుడు 21 వేలు. కరువొచ్చి పోలేదు, వలస గొడవలూ లేవు. ట్రాక్టరు వచ్చింది, అది ఏటేటా పెద్దదవుతూ పోయింది. పది కుటుంబాలు చేసిన సేద్యం ఒక్కడే చేస్తున్నాడు. మిగతా తొమ్మిది ఇళ్ళ వాళ్ళు వెళ్ళిపోయారు. ఊరు ఇంకా నిలబడి ఉందంటే యూనివర్సిటీ, ఇంజన్లు చేసే కవాసాకీ ఫ్యాక్టరీ, ఇంకా మన ఫీజులు.

మన నార్త్‌వెస్ట్ మొదలైందే టీచర్లని తయారుచేయడానికి, 1905లో. ఇంత మారుమూల ఉండి కొన్ని పనులు పెద్ద యూనివర్సిటీలకంటే ముందే చేసింది. 1982లోనే చెక్క ముక్కలు కాల్చి బిల్డింగుల్ని వేడి చేయడం మొదలుపెట్టింది. 1987లోనే హాస్టల్ గదుల్లో కంప్యూటర్ టెర్మినళ్ళు పెట్టింది. అప్పటికి మా మండలంలో కంప్యూటర్ చూసినవాడు లేడు. క్యాంపస్ చెట్లకి మిస్సోరి ఆర్బొరీటమ్ (చెట్ల తోట) అని రాష్ట్రం ఇచ్చిన హోదా కూడా ఉంది. మనకి మాత్రం ఆ చెట్లు అక్టోబరులో ఫేస్‌బుక్ ఫొటోలకి పనికొచ్చాయి. కిస్సింగ్ బ్రిడ్జి కూడా ఫొటోలకే, మా బ్యాచ్ వరకూ.

మొదటి సెమిస్టర్‌లో కారు లేదు. వాల్‌మార్ట్ నుంచి పాలూ ఉల్లిపాయలూ మోసుకుంటూ మెయిన్ స్ట్రీట్ వెంట నడిచి వస్తుంటే పికప్ ట్రక్కులు ఆగేవి. ఎక్కమనేవాళ్ళు. మొదట్లో భయమేసి థాంక్యూ చెప్పి నడిచేవాళ్ళం. డిసెంబరు వచ్చి చెవులు తిమ్మిరెక్కాక భయం పోయింది, ఎక్కేశాం. ఇంకోటి గమనించారో లేదో, పల్లె రోడ్ల మీద ఎదురొచ్చే రైతు స్టీరింగ్ మీద చెయ్యి అలాగే ఉంచి చూపుడు వేలు ఒక్కటి పైకి లేపుతాడు. అది నమస్కారం. తెలిసినవాడా కాదా అని చూడడు. నాకది అలవాటైపోయి డల్లాస్ ఫ్రీవే మీద కూడా వేలు లేచేది. అక్కడ దానికి ఇంకేదో అర్థం అనుకుంటారని మానుకున్నా.

మా ఇంటి ఓనరు రిటైరైన టీచరు. కింద ఆవిడ, పైన మేం నలుగురం. పోపు వాసనకి పోట్లాడుతుందేమోనని కిటికీలు తెరిచి వండేవాళ్ళం. ఒకరోజు పైకొచ్చి, కిటికీలు మూయండి, హీటింగ్ బిల్లు నాది అంది. పోపు గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ దగ్గరే నాకు డేల్ కార్నెగీ ఈ ఊరివాడని తెలిసింది. విజయవాడ ఏలూరు రోడ్డు సెకండ్ హ్యాండ్ షాపుల్లో ఆయన పుస్తకం లేని షాపు ఉండదు. మా ఇంజనీరింగ్ కాలేజీ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసంతా ఆయనే. స్నేహితుల్ని ఎలా సంపాదించుకోవాలో లోకానికి చెప్పిన మనిషి 1888 నవంబరులో మేరీవిల్‌లో పుట్టాడు. మేమేమో ఆ ఊళ్ళో నాలుగు నెలలు పక్కింటివాళ్ళని పలకరించకుండా గడిపాం! (కాలేజీ చదువు ఆయనది వారెన్స్‌బర్గ్‌లో. అదీ మిస్సోరిలోనే.)

ఆవిడ ఆయన పుస్తకాల్లోనే ఒకటి తెచ్చి ఒక పేజీ చూపించింది. స్నేహితుల సంగతి కాదు. కార్నెగీ వాళ్ళ పొలం ఊరి తూర్పున పారే ఏటికి దగ్గర్లో. ఆ ఏటి పేరే నూట రెండు, వన్ హండ్రెడ్ అండ్ టూ. ఏడేళ్ళలో ఆరేళ్ళు వరదొచ్చి మొక్కజొన్న ఊడ్చుకుపోయింది. పందులు కలరాతో చస్తే కాల్చేవాళ్ళు. ఒకరోజు మేరీవిల్ బ్యాంకువాడు పొలం జప్తు చేస్తానన్నాడు. ఇంటికి వస్తూ కార్నెగీ తండ్రి ఏటి వంతెన మీద బండి ఆపి దిగాడు. నీళ్ళకేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు, దూకాలా వద్దా అని.

ఆ పేజీ నేను రెండోసారి చదవలేదు. 2012లో నీలం తుఫానుకి పొట్ట మీదున్న మా వరి మునిగింది. మాది మూడెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. ఆ నెలంతా నాన్న రాత్రిపూట కాలవ గట్టు వైపు వెళ్తే, అమ్మ నా చేతికి టార్చి ఇచ్చి వెనకాలే పంపేది. "ఊరికే, తోడుగా ఉండు" అనేది. ఎందుకో చెప్పలేదు.

మన యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బేర్‌క్యాట్స్ సంగతి రాయకపోతే నన్ను ఈ సంచికలోంచి తీసేస్తారు. 2016 డిసెంబరు ఫైనల్ కాన్సస్ సిటీలో, ఒకటే మంచు. నా చదువు అప్పుడే అయిపోయింది. నాకు ఆ ఆట రూల్స్ ఇప్పటికీ రావు. కాళ్ళకి మూడు జతల సాక్సులు వేసుకుని, పక్కవాడు అరిస్తే అరిచా. 29-3 తో గెలిచాం. వరసగా రెండో ఏడు, రెండేళ్ళూ ఒక్క ఓటమి లేదు. ఊళ్ళో సగం మంది ఆ స్టేడియంలోనే ఉన్నట్టుంది. వాల్‌మార్ట్ బిల్లు కౌంటర్ అమ్మాయి నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపింది.

తర్వాత రెండు నెలలకి కాన్సస్ సిటీ దగ్గర ఒలేతాలో, మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతి ద్వేషంతో కాల్చి చంపారు. అప్పటికి నేను డల్లాస్‌లో ఉన్నా. మా ఓనరు ఫోన్ చేసింది. మంచు గురించీ, మా గదిలో దిగిన కొత్త కుర్రాళ్ళ గురించీ చెప్పి, చివర్లో "నువ్వు తలుపు లాక్ చేసుకుంటున్నావు కదా?" అంది. తన ఇంటికి తాళం వేయడం నేనెప్పుడూ చూడలేదు.

2019 అక్టోబరులో నాన్న వచ్చారు. డల్లాస్ మాల్స్ ఆయనకి అరగంటలో అయిపోయాయి. మేరీవిల్ తీసుకెళ్ళా. మా ఓనరు తమ్ముడు వ్యవసాయం చేస్తాడు, ఆయన కోత మీద ఉన్నాడు. నాన్న చెప్పులు విప్పి చేలోకి దిగారు. ఒక కండె విరిచి, తొక్క ఒలిచి, గింజని పంటి కింద పెట్టి "తేమ ఇంకా ఉంది" అన్నారు. నేను అనువదించా. ఆయన మీటరు తెచ్చి చూసి తలూపాడు. ఇక నేను కేవలం మైకు.

"దిగుబడి ఎంత?" ఎకరానికి 170 బుషెళ్ళట. ఫోన్‌లో లెక్కేస్తే 43 క్వింటాళ్ళు.

"మనకీ రబీలో నలభై వస్తాయి గదరా! ఇంత మిషనరీ పెట్టుకుని మూడే ఎక్కువా?"

రేటు అడిగారు. బుషెల్‌కి మూడు డాలర్ల ఎనభై. క్వింటాలు వెయ్యీ యాభై రూపాయలు. ఆ ఏడు మన మద్దతు ధర 1,760. నాన్న నమ్మలేదు, మళ్ళీ లెక్కేయమన్నారు. మళ్ళీ అంతే వచ్చింది. పైగా చైనా సోయా కొనడం తగ్గించిందనీ, అందుకు గవర్నమెంటు చెక్కు పంపిందనీ ఆయన చెప్పాడు. మాకు అదే నెలలో రైతు భరోసా మొదలైంది.

"అయితే ఇక్కడా ఉందన్నమాట భరోసా" అన్నారు నాన్న. "మరి అప్పులెలా తీరుస్తాడో అడుగు."

అడిగా. ఆయన టోపీ తీసి తల గోక్కుని, "మీ నాన్నకి తెలిస్తే నాకు చెప్పమను" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుకి అనువాదం అక్కర్లేకపోయింది.

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. గింజ ఆరబెట్టే డబ్బాల ఫ్యాన్లు దూరంగా గుయ్యిమంటున్నాయి. ఏటి వంతెన దగ్గర కారు స్లో చేసి, ఇక్కడ ఇలా జరిగిందట అని కార్నెగీ తండ్రి కథ చెప్పా. ఆపమన్నారు. దిగి రెయిలింగ్ పట్టుకుని కిందికి చూశారు. నేనూ దిగి పక్కన నిలబడ్డా.

"మన కాలవంత కూడా లేదే" అన్నారు. కాసేపటికి, "ఆ రోజుల్లో నా వెనకాల వచ్చేవాడివి, టార్చి ఆర్పేసి. నాకు తెలుసు" అన్నారు.

నేనేమీ అనలేదు.

"పద, చలేస్తోంది."