ఎస్సే పేపర్‌కి నాకు దారి చూపిన యుకటాన్ గవర్నర్

ఫ్రెండ్స్, భూసంస్కరణల మీద నేను రాసిన ప్రతి ప్రాక్టీస్ వ్యాసంలోనూ చట్టాలు, సంవత్సరాలు నిండుగా ఉండేవి. దిద్దే సార్ మాత్రం పక్కన ‘ఉదాహరణ ఏది?’ అని రాసి ఇచ్చేవారు. రెండు నెలలు అదే వరస. చివరికి పాయింట్లు పోగేయడం ఆపి, ఒక్క మనిషి గురించే నాలుగు రోజులు చదివాను. ఆయన మెక్సికోలోని యుకటాన్ రాష్ట్ర గవర్నర్ ఫెలిపే కరీయో పువెర్తో.

1874లో యుకటాన్‌లోని మోతుల్‌లో పుట్టాడు. ఆ ప్రాంతమంతా హెనెకెన్ తోటలు. మన పొలం గట్ల మీద కనిపించే కిత్తనార జాతి మొక్క అది. దాని నారతో పేనిన పురితోనే అమెరికాలో గోధుమ పనలు కట్టేవారు. తోటల్లో చాకిరీ చేసేది అప్పుల్లో కూరుకుపోయిన కూలీలు, అక్కడి మూలవాసులైన మాయా జాతివాళ్లు. తెలంగాణలో వెట్టి గురించి చదివినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రపంచ మార్కెట్, భూమి, కులీనవర్గం అన్నీ ఆ ఒక్క మొక్క దగ్గరే కలుస్తాయి. నాకు సబ్జెక్టు అర్థమైంది అక్కడే.

ఆయనకి మాయా భాష వచ్చు. మెక్సికో 1917 రాజ్యాంగాన్ని అందులోకి అనువదించి కూలీలకి వినిపించాడు. 1922 ఫిబ్రవరిలో గవర్నర్ అయినప్పుడు తొలి ప్రసంగం కూడా మాయాలోనే చేశాడు. ఊళ్లకి భూములు పంచాడు, రాష్ట్ర రాజధాని మెరిదాలో విశ్వవిద్యాలయం పెట్టించాడు. 1923లో ఆయన చెల్లెలు ఎల్వియా రాష్ట్ర శాసనసభకి ఎన్నికైంది. దీని పక్కనే నేను రాసుకున్నది: మన కోస్తా, రాయలసీమ ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో మహిళలకి ఓటు హక్కు 1921లో వచ్చింది, అదీ ఆస్తి అర్హత ఉన్నవాళ్లకే. మహిళా సాధికారత వ్యాసానికి ఈ పోలిక బాగా పనికొస్తుంది.

తేదీలు బట్టీ పట్టకండి. ‘ఆయన్ని ఎందుకు చంపారు?’ అని అడగండి, మిగతావన్నీ వరసగా గుర్తొస్తాయి. ఎస్టేట్ యజమానులు అప్పటికే కక్ష పెంచుకున్నారు. 1923 డిసెంబరులో మెక్సికో కేంద్ర ప్రభుత్వం మీద దె లా వెర్తా అనే నాయకుడి తిరుగుబాటు మొదలైంది, మెరిదాలోని సైన్యం అటువైపు తిరిగింది. తీరం వైపు వెళ్తున్న ఆయన్ని పట్టుకుని, 1924 జనవరి 3న ముగ్గురు తమ్ముళ్లతో సహా శ్మశానం గోడ దగ్గర కాల్చి చంపారు. ఆ పేజీ చదివాక ఆ పూట ఇంకేమీ చదవలేకపోయాను.

ఇదంతా ఒక్క కార్డు మీద పడుతుంది. ఎల్వియా పదవి నిలవలేదు. మెక్సికో అంతటా మహిళలకి ఓటు వచ్చేసరికి 1953 అయింది. నా కార్డులో చివరి లైను అదే.